నలభై ఎనిమిది గడులు

మచిలీపట్నం బస్టాండు,
సోమవారం మధ్యాహ్నం.

గౌరవనీయులైన జాయింట్ కలెక్టరు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: దివిసీమ, చినలంకపాలెం గ్రామంలోని తుఫాను షెల్టర్‌లో నిలవ ఉంచిన రొయ్యల మేత బస్తాలు తీయించి, సదరు షెల్టర్‌ను తిరిగి మనుషులకు ఇప్పించుట గురించి.

పై గ్రామ నివాసి మేడేపల్లి హనోకు, వయసు పదహారు, మనవి చేసుకునేది ఏమనగా, ఈ పొద్దున తమరి హాల్లో టోకెన్ నంబరు నూట పన్నెండు నాదేనండి. పిలిచారు. లేచి ముందుకు వచ్చాను. తమరు తలెత్తి "చెప్పు బాబూ" అన్నారు. నాకు నోరు పెగల్లేదు. వెనకున్న పెద్దాయన వీపు మీద వేలితో పొడిచి, చెప్పవయ్యా, మాకూ బస్సులున్నాయి అన్నాడు. నేను దణ్ణం పెట్టి బయటికి వచ్చేశాను. తమరికి గుర్తుండకపోవచ్చు. నీలం గళ్ళ చొక్కా.

బయట బల్ల దగ్గర అర్జీలు రాసిపెట్టే శ్రీవిద్య మేడమ్ గారు నన్ను చూసి పిలిచారు. ఏ ఊరు, ఎందుకొచ్చావు అని అడిగారు. ఆవిడతో కూడా సరిగ్గా చెప్పలేకపోయాను. అప్పుడు తమరి ఈ వాట్సాప్ నంబరు ఇచ్చి, నోటితో రానిది వేలితో వస్తుందేమో చూడు, ఫోన్లో రాసి పెట్టు అన్నారు. ఎలా రాయాలో కూడా చెప్పారు. "అయ్యా అని మొదలుపెట్టు. కింద విషయం రాయి. గోలంతా ఒకేసారి పొయ్యకుండా నంబర్లు వేసుకో. ఆఖర్న చిత్తగించవలెను అని పెట్టి, తమ విధేయుడు అని నీ పేరు రాయి." చిత్తగించడం అంటే ఏంటండీ అని అడిగాను. చదివి మనసులో పెట్టుకోమని అంట. ఆఫీసు కాగితాల్లో అలాంటి మాట ఉంటుందని నాకు తెలీదు.

నేను ఎనిమిదో తరగతి సగంలో మానేశాను. చెరువుల మీద మేత చల్లే పనికి వెళ్తున్నాను. తప్పులుంటే మన్నించగలరు. పెద్ద మెసేజి పోవట్లేదు కాబట్టి ముక్కలుగా పంపిస్తున్నాను. వరసలో చదవగలరు.

1. సదరు షెల్టర్ మా ఊళ్ళో అన్నిటికంటే ఎత్తు. కింద ఉత్త స్తంభాలే, నీళ్ళొస్తే మధ్యలోంచి వెళ్ళిపోవడానికి. పైన ఒకటే పెద్ద హాలు. పెద్ద ఉప్పెన తర్వాత కట్టారు. ఆ ఉప్పెనకి మా అమ్మమ్మ ప్రేమమ్మకి తొమ్మిదేళ్ళు. ఇంటి పైకప్పు పట్టుకుని కొట్టుకుపోయి మూడూళ్ళ అవతల తేలింది. ఇంట్లో మిగతా అయిదుగురూ తేలలేదు.

షెల్టర్ కట్టిన కొత్తలో ఒక తుఫానుకి అందరూ పైకెక్కారంట. గోడ వారన చోటు కోసం తోసుకున్నారు. ఆ తోపులాటలో ఒక చంటిబిడ్డకి చెయ్యి విరిగింది. తర్వాత పెద్దలు కూర్చుని నేలంతా తెల్ల పెయింటుతో గడులు గీయించారు. ఇంటికొక గడి. గడిలో నంబరు, ఇంటి పేరు. అప్పట్నుంచి ఎవరి గడి వాళ్ళది. మా ఊళ్ళో అన్నదమ్ములు వేరు పడితే అన్నిటికంటే ముందు గడికి మధ్యలో గీత గీస్తారు. కొత్త కోడలు వస్తే పెళ్ళి బట్టలతోనే షెల్టర్ ఎక్కించి గడిలో కూర్చోబెడతారు. చీకట్లో అయినా తడుముకోకుండా వచ్చి కూర్చోవాలని. మాది పద్నాలుగు. కిటికీ పక్కన. అమ్మ మస్కట్‌లో ఇళ్ళ పనికి వెళ్ళింది, నాన్న లేడు, నా ఇంటిపేరు కూడా అమ్మమ్మ వాళ్ళదే, అందుకని ఆ గడికి నేనూ అమ్మమ్మే.

ఏటా నవంబరు పంతొమ్మిదిన, ఉప్పెన వచ్చిన రోజున, ఊరంతా పైకెక్కి ఎవరి గడి వాళ్ళు కడుక్కుంటాం. చెరిగిన గీతల మీద మళ్ళీ పెయింటు వేసి, అక్కడే కూర్చుని పప్పన్నం తింటాం. అమ్మమ్మకి మోకాళ్ళు పట్టేశాక గీతలన్నీ నేనే వేస్తున్నాను.

షెల్టర్‌కి ఎప్పుడూ తాళం వెయ్యలేదు. తాళం ఉంది గానీ మేకుకి ఊరికే వేలాడేది. నీళ్ళొచ్చేటప్పుడు తాళంచెవి ఎవరి దగ్గరుందో వెతుక్కునే టైము ఉండదురా అంటుంది అమ్మమ్మ. అనేది.

2. తమరికి తెలియనిది కాదు, రెండు మూడేళ్ళుగా ఈ చుట్టుపక్కల గోడౌన్ అనేది దొరకడం లేదు. బందరులో పోర్టు పనులు మొదలయ్యాక సిమెంటు వాళ్ళు, ఇనుము వాళ్ళు, మిషన్ల వాళ్ళు వచ్చారు. బందరు నుంచి గుడివాడ దాకా రోడ్డు పక్కన రేకుల షెడ్డు కనపడితే చాలు, ఏడాది అద్దె ముందే ఇచ్చి తీసేసుకున్నారు. అడుగుకి మూడు రూపాయలుండేది తొమ్మిదయ్యిందని చెప్పుకున్నారు. ఆ షెడ్లలో వడ్లు పెట్టుకునే వాళ్ళకి చోటు లేక అవనిగడ్డ వైపు వచ్చారు. అవనిగడ్డ వైపు షెడ్లలో రొయ్యల మేత ఉండేది. వడ్లొచ్చి మేతని బయటికి తోసేశాయి. మేత వాళ్ళు ఇంకా కిందకి వచ్చారు. మూతపడ్డ సినిమా హాల్లో కుర్చీలు పీకించి బస్తాలు వేశారు. కల్యాణ మండపం తీసుకున్నారు. ఆ ఏడాది మా ఊరి పెళ్ళిళ్ళు రోడ్డు మీద షామియానా కింద జరిగాయి. ఒక పెళ్ళిలో లారీ కోసం పెళ్ళికూతురు కుర్చీ రెండుసార్లు జరపాల్సి వచ్చింది.

కొత్త షెడ్లు కట్టొచ్చు కదా అని తమరు అనొచ్చు. మా వైపు మెరక లేదండి. ఉన్న మెరకంతా తవ్వి చెరువు గట్లు వేసేశారు. అడిగేవాళ్ళు పెరుగుతున్నారు, చోటు మాత్రం ఉన్నదే. అలా ఒకళ్ళని ఒకళ్ళు తోసుకుంటూ వచ్చి ఆఖరికి మా దగ్గర ఆగారు. మేం తోద్దామంటే మా తర్వాత ఎవరూ లేరు. మా తర్వాత సముద్రమే.

3. పక్క ఊళ్ళో అంకమ్మరావు గారని ఉన్నారు. ముందు ఆటో తోలేవారు. ఇప్పుడు గోడౌన్లు కుదురుస్తారు. జేబులో టేపు పెట్టుకుని ఊరూరా తిరుగుతారు. నాలుగు గోడలూ ఒక కప్పూ ఉన్నది ఏది కనపడినా బండి ఆపి చూస్తారు. మా చర్చిని కూడా చూశారు. పాస్టరు ఆనందరావు గారితో, "దేవుడికి ఆదివారం ఒక్క రోజేగా అయ్యగారూ పని, మిగతా ఆరు రోజులు ఖాళీయేగా" అన్నారు. పాస్టరు గారు నవ్వి, "ఖాళీ చేద్దామన్నా ఆయన సామాను చాలా ఉందయ్యా" అని పంపించేశారు. తర్వాత షెల్టర్ వైపు చూశారు.

షెల్టర్ కమిటీకి పెద్ద ఏసుబాబు మావయ్య. చుట్టం కాదు, ఊరంతా అలాగే పిలుస్తాం. ఆయన చెడ్డవాడు కాదని తమరు ముందుగా గమనించవలెను. షెల్టర్ కప్పు పెచ్చులూడి ఇనపచువ్వలు బయటపడ్డాయి. వానొస్తే లోపల బకెట్లు పెట్టేవాళ్ళం. బాగు చేయించమని ఎవరికి రాయాలో తెలీక ఆయన అందరికీ రాశారు. నాలుగేళ్ళు రాశారు. అంకమ్మరావు గారు వచ్చి, అద్దె డబ్బుతో కప్పు బాగు చేయించుకోండి, తుఫాన్ల నెల రాకముందే సరుకు ఎత్తించేస్తారు అన్నారు. కిందటేడు ఏప్రిల్లో మావయ్య సంతకం పెట్టారు. గవర్నమెంటు షెల్టర్ అద్దెకిచ్చే హక్కు తనకి లేదని ఆయనకి అప్పుడు తెలీదు. ఇప్పుడు తెలుసు.

కప్పు బాగు చేయించిన మాట నిజమేనండి. సున్నం వేశారు, కిటికీలకి గ్రిల్సు పెట్టారు, గుమ్మానికి షట్టర్ పెట్టారు. ఇప్పుడు ఒక్క చుక్క కారదు. మేత మీద.

బస్తాలు పైకి మోసింది కూడా మా ఊరివాళ్ళే. కూలి ఇచ్చారు, మోశాం. నేనూ మోశాను.

4. గడుల కొలతలు వాళ్ళకి చెప్పింది ఎవరు అన్న విషయం. ఇది ఆఖర్న రాస్తాను.

5. సెప్టెంబరులో సరుకు తీయమని మావయ్య అడిగితే మేత కంపెనీ మేనేజరు సుహాస్ గారు, తీసి ఎక్కడ పెట్టమంటారు, చోటు మీరే చూపించండి అన్నారు. చోటు లేకేగా వాళ్ళూ వచ్చింది.

అక్టోబరు ఆఖర్న తుఫాను వచ్చింది. పెద్దది కాదు, పేపర్లో కూడా పెద్దగా రాలేదు. కానీ పొద్దున్నే ఫోన్లకి మెసేజి వచ్చింది, దగ్గర్లోని షెల్టర్‌కి వెళ్ళమని. ఊరంతా అలవాటు కొద్దీ మూటలు కట్టుకుని వెళ్ళింది. షట్టర్‌కి తాళం. తాళంచెవి గుడివాడలో సుహాస్ గారి దగ్గర. ఆయన ఫోన్ ఎత్తి, వర్షంలో ఇప్పుడు ఎలా రాను, సాయంత్రం చూద్దాం అన్నారు. తాళం కంపెనీది కదా అని ఎవరూ చెయ్యి వెయ్యలేదు. అందరం చర్చిలోకి వెళ్ళాం. మధ్యాహ్నానికి చర్చిలో మోకాలు దాకా నీళ్ళొచ్చాయి. పిల్లల్ని బల్లల మీద నిలబెట్టారు.

అమ్మమ్మ చర్చికి రాలేదు. షెల్టర్ మెట్ల మీద, షట్టర్ ముందు కూర్చుంది. నా గడి ఇక్కడుంటే నేను ఇంకెక్కడికి వెళ్తాను అంది. ఎంత లాగినా లేవలేదు. నేను బరకం పట్టుకుని పక్కన నిలబడ్డాను. గాలికి బరకం చిరిగిపోయింది. సాయంత్రానికి నీళ్ళు తీశాయి. అమ్మమ్మకి జ్వరం ఊపిరితిత్తుల్లోకి దిగి పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉంది. ఇప్పటికీ నాలుగు మెట్లెక్కితే ఆగి ఊపిరి తీసుకుంటుంది.

6. తర్వాత కంపెనీ నుంచి మావయ్యకి కాగితం వచ్చింది. తుఫాను రోజున మనుషులు, మేకలు గోడౌను ఆవరణలో గుమిగూడినందున సరుకు భద్రతకు భంగం కలిగే అవకాశం ఏర్పడినది, ఇకపై ముందస్తు అనుమతి లేకుండా ఎవ్వరూ రాకూడదు అని. మేకల్ని స్తంభాలకి కట్టిన మాట నిజమే. ఆ వారమే బోర్డు కూడా పెట్టారు. షెల్టర్ గోడ మీద తుఫాను రక్షణ కేంద్రము అని ఎర్రక్షరాలు ఉండేవి. బోర్డు సరిగ్గా వాటి మీదే బిగించారు. "అనుమతి లేనిదే ప్రవేశం లేదు" అని. బోర్డు కింద "కేంద్రము" ఒక్కటే కనపడుతుంది.

కిందటేడు నవంబరు పంతొమ్మిదిన పప్పన్నం షెల్టర్ కింద, స్తంభాల మధ్య తిన్నాం. ఎవరి గడి ఎక్కడో తెలీక అడ్డదిడ్డంగా కూర్చున్నాం. ముసలాళ్ళు కొందరు పైకి చూసి, తమ గడి కిందకి సరిగ్గా ఎక్కడొస్తుందో లెక్క వేసుకుని అక్కడికి జరిగారు. పైనించి మేత కంపు.

7. ఇది అర్జీలో రాయొచ్చో లేదో తెలీదు. శ్రీవిద్య మేడమ్ గారు ఏదీ దాచకు అన్నారు కాబట్టి రాస్తున్నాను. మా అమ్మమ్మ నాతో మాట్లాడ్డం మానేసి ఏడాది కావొస్తోంది. అన్నం పెడుతుంది. నా బట్టలు ఉతుకుతుంది. జ్వరమొస్తే నుదురు పట్టుకుని చూస్తుంది. మాట మాత్రం లేదు. ఇంట్లో ఇద్దరమే ఉంటాం. పక్కింటి వెంకాయమ్మ గారితో చెప్తుంది, వాడికి చెప్పు ఉప్పు తెమ్మని. నేను అక్కడే ఉంటాను.

తుఫాను రోజు మెట్ల మీద కూర్చుని నన్ను ఒకటే అడిగింది. "గడులు లెక్కపెట్టి చెప్పింది ఎవర్రా?" నేను చెప్పాను. అదే ఆఖరి మాట.

ఇప్పుడు 4.

4. నేనే.

కిందటేడు ఏప్రిల్లో అంకమ్మరావు గారు హాలు కొలవడానికి వచ్చినప్పుడు పైన నేనొక్కడినే ఉన్నాను. వానలకి గీతలు చెరిగితే పెయింటు వేస్తున్నాను. ఆయన, ఒరేయ్ అబ్బాయ్, టేపు ఆ చివర పట్టుకో అన్నారు. నేను ఎవరితోనూ ఎక్కువ మాట్లాడనండి. బళ్ళో కూడా హాజరు పలకడానికి గొంతు రాక రోజూ ఆబ్సెంటు పడేది. బడి మానేసింది అందుకే. కానీ ఆ రోజు నాకు బాగా తెలిసిన సంగతి కదా అని చెప్పేశాను. "టేపు అక్కర్లేదు బాబాయ్. గడి ఆరడుగులకి ఆరడుగులు. మొత్తం నలభై ఎనిమిది. మధ్యలో దారి మూడడుగులు. కప్పు పన్నెండడుగులు." గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఆయన టేపు చుట్టేసి, "అబ్బో, నీకు నోరుందిరా" అన్నారు. కిందకి తీసుకెళ్ళి డ్రింకు కొనిచ్చారు. నాకు చాలా సంతోషం వేసింది. ఇంటికెళ్ళి అమ్మమ్మకి చెప్పలేదు, సిగ్గేసి.

వారం తర్వాత సుహాస్ గారు వచ్చి చూశారు. ఆయన చదువుకున్న మనిషి, మర్యాదగానే మాట్లాడతారు. గోడౌన్లలో కూడా నేల మీద గడులు గీస్తారంట, గడికిన్ని బస్తాలని పేర్చుకోవడానికి, లెక్క తేలిగ్గా తెలియడానికి. ఆయన గీతలు చూసి, "ఇదేంటి, స్టాకు గీతలు కూడా రెడీగా ఉన్నాయే. గోడౌన్ కోసమే కట్టినట్టుంది" అన్నారు. వేరే రెండు చోట్లు చూద్దామనుకున్నది మానేసి అప్పటికప్పుడు ఖాయం చేశారు. గడికి అరవై బస్తాలు. మా పద్నాలుగులో కూడా అరవై. నేనే పేర్చాను. మేడేపల్లి అన్న పేరు మీద మొదటి బస్తా వేసేటప్పుడు కాలితో పక్కకి జరపబోయాను. సుహాస్ గారు గీత దాటకూడదు అన్నారు.

పుట్టి బుద్ధెరిగాక నేను పెద్దవాళ్ళ ముందు గట్టిగా నోరు తెరిచింది ఆ ఒక్కసారేనండి. దాంతో ఊరి షెల్టర్ పోయింది. ఈ పొద్దున తమరు చెప్పు బాబూ అన్నప్పుడు నాకు అదే గుర్తొచ్చింది. మళ్ళీ చెప్తే మళ్ళీ ఏం పోతుందో అని.

కావున తమరిని వేడుకునేది ఏమనగా, రాబోయే నవంబరు పంతొమ్మిది లోపల సదరు బస్తాలు తీయించగలరు. వాటికి చోటు ఎక్కడ అంటే నాకు తెలీదు. పెద్దవాళ్ళు తమరే చూడగలరు. మావయ్య మీద కేసు పెట్టవద్దని మనవి. కప్పు కోసం చేశారు. అంకమ్మరావు గారి మీద కూడా వద్దు. ఆయన కొలవడానికి వచ్చారు, చెప్పింది నేను. కేసు తప్పదంటే నా పేరు రాయగలరు. పేరు పైన ఉంది.

బస్సు వచ్చింది. ఛార్జింగు కూడా అయిపోవచ్చింది. తమరికి రోజూ ఇలాంటివి చాలా వస్తాయని పొద్దున చూశాను. అయినా ఒక్కసారి, ఆ మేడమ్ గారు చెప్పిన అర్థంలోనే, చిత్తగించవలెను.

తమ విధేయుడు,
మేడేపల్లి హనోకు,
గడి నంబరు 14, చినలంకపాలెం.

తా.క. శనివారం.

అయ్యా, సోమవారం పంపినవాటికి ఇంకా నీలం టిక్కులు పడలేదు. పని ఒత్తిడిలో ఉండి ఉంటారు. ఈ పొద్దున అందరి ఫోన్లకీ మళ్ళీ మెసేజి వచ్చింది. వాయుగుండం బలపడింది, రేపు సాయంత్రానికి తీరం దాటుతుంది, లోతట్టు వాళ్ళు వెంటనే దగ్గర్లోని తుఫాను షెల్టర్‌కి వెళ్ళవలెను అని. మాకు దగ్గర్లోది అదొక్కటే. తర్వాతది తొమ్మిది కిలోమీటర్లు, దారి మధ్యలో రెండు చోట్ల కాలవ పొంగుతుంది. సుహాస్ గారి ఫోన్ అందట్లేదు. అంకమ్మరావు గారు ఎత్తారు. తాళం కంపెనీది, పగలగొడితే దొంగతనం కేసవుతుందిరా, నీ మంచికే చెప్తున్నా అన్నారు. గొంతులో దిగులు తెలిసింది. అర్జీలు తీసుకునేది సోమవారం. తుఫాను ఆదివారం.

తా.క. 2. ఆదివారం మధ్యాహ్నం.

అయ్యా, తమరికి తెలియజేయడమైనది ఏమనగా, తాళం పగలగొట్టాం.

పొద్దున ఆరాధనకి అందరూ వచ్చారు. పాస్టరు గారు ప్రార్థన చిన్నది చేసి, ఏం చేద్దామో చెప్పండి అన్నారు. మళ్ళీ చర్చిలోనే ఉందామని కొందరు, ట్రాక్టర్లు మాట్లాడదామని కొందరు అన్నారు. తాళం తీస్తే బస్తాలు వానలో ఎక్కడ పెడతాం, పాడైతే డబ్బు ఎవరు కడతారు అని ఏసుబాబు మావయ్య అన్నారు. నేను ఆఖరి వరసలో ఉన్నాను. లేచాను. ఎందుకు లేచానో నాకే తెలీదు. అందరూ వెనక్కి తిరిగారు. అమ్మమ్మ తిరగలేదు. నేను, "ఏ గడిలో బస్తాలు ఆ ఇంటికి" అన్నాను. అంతే వచ్చింది. మళ్ళీ కూర్చున్నాను.

కాసేపటికి అర్థమయ్యింది వాళ్ళకి. వెంకాయమ్మ గారు, "అవి మన గడుల్లో ఉంటే, వాటిని మన ఇళ్ళల్లో పెడదాం, అంతేగా" అన్నారు. మావయ్య బయటికెళ్ళి గునపం తెచ్చారు. ఎవరో పట్టుకోబోతే ఇవ్వలేదు. సంతకం నాది, తాళం కూడా నేనే తీస్తాను అన్నారు. మూడు దెబ్బలకి ఊడింది.

తొమ్మిది గంటల నుంచి ఒంటిగంటన్నర దాకా మోశాం. గడికి అరవై, ఇంటికి అరవై. ఒక్క బస్తా అటూ ఇటూ అవ్వలేదు. సుహాస్ గారి గీతలు అందుకు బాగా పనికొచ్చాయి. మంచాల మీద, అటకల మీద, బీరువాల మీద పెట్టి బరకాలు కప్పాం. పాస్టరు గారు తన గడి బస్తాలు చర్చిలో ప్రసంగం చెప్పే వేదిక మీద పేర్చారు. ఆయన సామాను కాస్త జరిపాను అన్నారు. కొన్ని తడవొచ్చు. మనుషులకంటే అవి నయం, తడిసినా ఎండబెట్టుకోవచ్చు. ప్రతి ఇంటి గోడ మీద సుద్దతో 60 అని రాశాను. కంపెనీ వాళ్ళు వచ్చి చూసుకోవచ్చు. ఇప్పుడు మా నలభై ఎనిమిది ఇళ్ళూ గోడౌన్లే. అద్దె అడగం.

మేం షెల్టర్లో ఉన్నాం. వాన పెద్దదయ్యింది. కప్పు ఒక్క చుక్క కారట్లేదు. ఆ మాట కూడా చెప్పాలి కదా.

అమ్మమ్మ అందరికంటే ఆఖర్న ఎక్కింది. నాలుగు మెట్లకోసారి ఆగింది. నేను వెనకాలే ఉన్నాను గానీ పట్టుకోలేదు, ఇష్టముంటుందో లేదో అని. లోపలికి వచ్చి, గడుల మధ్య దారిలో నడుచుకుంటూ, కింద చూడకుండానే పద్నాలుగు దగ్గర ఆగి కూర్చుంది. బస్తాల కింద పెయింటు చాలా పోయింది. మేడేపల్లిలో మే ఒక్కటే కనపడుతోంది. దాని మీద చెయ్యి పెట్టి తుడిచింది. నేను గీత అవతల నిలబడ్డాను.

కాసేపటికి, నా వైపు చూడకుండా, "కంపు కొడుతోంది" అంది. పక్కన వెంకాయమ్మ గారు లేరు. వాళ్ళ గడి అటు చివర. నాతోనే అంది.

ఔనమ్మమ్మా అన్నాను.

"బందరు వెళ్ళి కలెక్టరు గారికి రాశావంట కదా. ఏమన్నారు?"

ఇంకా చూడలేదు, పనుల్లో ఉండి ఉంటారు అన్నాను. గీత మీద నిలబడకు, చెరుగుద్ది, లోపలికి రా అంది అమ్మమ్మ. వచ్చి కూర్చున్నాను. తర్వాత ఇలా అంది. ఉన్నది ఉన్నట్టు తమరికి రాస్తున్నాను.

"పాపం, ఆయనకీ ఎన్ని తిప్పలో. బందరు కూడా సముద్రం ఒడ్డేగా. చోటు దొరక్కపోతే మొహమాట పడకుండా రమ్మని రాయి. మనం ఇద్దరమేగా, ఇంకో నలుగురు పడతారు."

కావున తమరికి తెలియజేయడమైనది. గడి నంబరు 14. కిటికీ పక్కన. తాళం లేదు.